ఈటెలు పట్టినవాళ్లకు మాటలు లేవట!

'బ్యాటిల్‌స్టార్ గెలాక్టికా' నాలుగో సీజన్ ముగింపు 'డేబ్రేక్' 2009 మార్చి 20న అమెరికాలో ప్రసారమైంది. సీరీస్ కూడా దానితోనే ముగిసింది. ఆ ముగింపు మీద అభిమానుల తగవు మాత్రం ఇప్పటికీ తెగలేదు. ముడులన్నీ విప్పడానికి దేవుణ్ణి తెచ్చి నిలబెట్టారని కొందరికి కోపం. చనిపోయి తిరిగొచ్చిన కారా థ్రేస్ చివరికి గడ్డిమైదానంలో మాట్లాడుతూ మాట్లాడుతూ మాయమైపోవడం ఏమిటని ఇంకొందరికి కోపం. మాకు ఈ రెండింటితోనూ పెద్ద పేచీ లేదు. దేవుళ్లు మనుషుల మధ్య తిరిగే కథలు, చనిపోయినవాళ్లు ఇంటికి తిరిగొచ్చే కథలు మన గూడేల్లో కొత్తవి కావు. మా పేచీ అదే ఎపిసోడ్‌లోని ఒక చిన్న దృశ్యంతో. చూడటానికి రెండు నిమిషాలు పట్టదు. మింగుడు పడటానికి మాత్రం చాలా కాలం పట్టింది.

సీరీస్ చూడనివాళ్ల కోసం కథ కొంత చెప్పుకోవాలి. ఎక్కడో అంతరిక్షంలో మనుషులు పన్నెండు గ్రహాల మీద బతుకుతుంటారు. వాళ్లు తమ పనుల కోసం సైలాన్లు అనే యంత్రాలను చేసుకుంటారు. ఆ యంత్రాలు తిరగబడతాయి. కొన్నేళ్లకు మనుషుల రూపంలోనే తిరిగొచ్చి పన్నెండు గ్రహాలనూ అణుబాంబులతో బూడిద చేస్తాయి. బతికి బయటపడింది సుమారు 50,000 మంది. పాత యుద్ధనౌక గెలాక్టికా, దాని వెనక కొన్ని పదుల ఓడలు. సైలాన్లు తరుముతుంటే, భూమి అనే ఊరు ఒకటుందని పెద్దలు చెప్పిన మాట పట్టుకుని వాళ్లు పరుగెడుతుంటారు. ఎపిసోడ్ మొదలయ్యే ముందు బతికున్నవాళ్ల సంఖ్య తెర మీద పడుతుంది. అది తగ్గుతూ ఉంటుంది. నౌకాదళాధిపతి విలియం అడామాగా ఎడ్వర్డ్ జేమ్స్ ఓల్మోస్, అధ్యక్షురాలు లారా రోజ్లిన్‌గా మేరీ మెక్‌డానెల్ నటించారు. లారా అంతకు ముందు బడిపంతులమ్మ, తర్వాత విద్యామంత్రి. అధికారంలో ఆమె కంటే పైనున్న వాళ్లంతా చనిపోవడంతో 43వ వరసలో ఉన్న ఆమె అధ్యక్షురాలవుతుంది. ఉపాధ్యాయులు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలని మా కోరిక.

1978లో గ్లెన్ లార్సన్ ఇదే పేరుతో ఒక సీరీస్ తీశాడు. దాన్ని రోనాల్డ్ డి. మూర్, డేవిడ్ ఐక్ మళ్లీ తీశారు. 2003 డిసెంబరులో మొదటి భాగాలు వచ్చాయి, తర్వాత నాలుగు సీజన్లు నడిచింది. పాతదానికీ కొత్తదానికీ పోలిక పేర్లలోనే. కొత్తది 2001 తర్వాతి అమెరికా మీద, ఇరాక్ యుద్ధం మీద, ఖైదీలను హింసించడం మీద వేసిన ప్రశ్న. మేము దాన్ని ఇష్టపడింది ఓడల పోరాటాల కోసం కాదు. ఓడిపోయిన వాళ్ల వైపు నిలబడి లోకాన్ని చూడటం దానికి తెలుసు. అందుకే చివరికి చేసిన పని ఇంతగా గుచ్చుకుంది. చెత్త సీరీస్ అయితే నవ్వుకుని వదిలేసేవాళ్లం.

ఇప్పుడు ఆ దృశ్యానికి వద్దాం. ఆఖరి పోరాటం అయిపోయింది. ఒక పాటలోని స్వరాలను అంకెలుగా మార్చి కారా థ్రేస్ గుడ్డిగా ఓడను దూకించింది. కళ్లు తెరిచేసరికి ఎదురుగా నీలి భూమి. ఓడలు దిగాయి. పచ్చని గడ్డిమైదానం, మందలు మందలుగా జంతువులు. అడామా, కొడుకు లీ, డాక్టర్ కాటిల్, శాస్త్రవేత్త బాల్టర్, మరికొందరు గడ్డిలో పొంచి కూర్చుని బైనాక్యులర్లతో చూస్తారు. దూరంగా ఈటెలు పట్టుకున్న మనుషుల గుంపు నడిచి వెళుతుంటుంది. వాళ్ల రక్తం, మన రక్తం కలుస్తాయని ఒకరు లెక్క తేలుస్తారు. అయితే వీళ్లతో పిల్లల్ని కనవచ్చన్న మాట వస్తుంది, దాని మీద ఒక హాస్యం నడుస్తుంది. చూడబోతే వీళ్లకు ఇంకా భాష లేదన్న మాట వస్తుంది. ఆ లోటు మనం తీర్చవచ్చు, మనలోని మంచిదంతా వీళ్లకు ఇవ్వవచ్చు అంటాడు లీ.

అంతే. కాసేపటికి నిర్ణయాలు జరిగిపోతాయి. మళ్లీ నగరం కట్టొద్దంటాడు లీ. సైన్సు పరిగెత్తింది, మనసు వెనకబడింది, అందుకే ఇన్నిసార్లు నాశనమయ్యామంటాడు. ఓడలు, ఆయుధాలు, యంత్రాలు అన్నీ సూర్యుడిలోకి పంపేసి, సుమారు 38,000 మంది గుంపులు గుంపులుగా విడిపోయి భూమి నలుమూలలా స్థిరపడతారు. ఓడలు సూర్యుడిలోకి సాగిపోతుంటే 1978 నాటి పాత సంగీతం వినిపిస్తుంది. చూసేవాళ్ల గుండె బరువెక్కుతుంది. మాకూ ఎక్కింది, దాచుకోవడం ఎందుకు? ఇంతసేపూ ఎవరి పక్షాన నిలబడి చూస్తున్నామో గుర్తొచ్చేది ఆ సంగీతం ఆగిన తర్వాతే.

బైనాక్యులర్లకు అటువైపు నడుస్తున్నది మనం.

ఈ మాట భావావేశంతో అనడం లేదు. మన గురించి బయటివాళ్లు రాసిన పాత పుస్తకాల్లో ఈ దృశ్యం ఎన్నిసార్లు కనబడుతుందో చదివినవాళ్లకు తెలుసు. దూరం నుంచి చూపు. వంటి మీద ఏముంది, చేతిలో ఏముంది అన్న లెక్క. చివర్లో, వీళ్లది భాషా అరుపులా అన్న తీర్పు. దగ్గరికి వచ్చి వినకుండానే ఆ తీర్పు పడిపోతుంది. సీరీస్‌లోనూ అంతే. ఆ మనుషులు నోరు విప్పినా వినబడేంత దగ్గరలో లేరు. చెట్టు మీది పిట్టల భాష కిందివాళ్లకు తెలియకపోతే పిట్టలకు కూత లేదన్నట్టు!

కథలో నిలవని మాట ఇది. చేతిలో ఈటె ఉంది. ఈటెకు మొన కావాలి. మొనకు తగిన రాయి ఎక్కడ దొరుకుతుందో తెలియాలి, ఏ వైపు నుంచి కొడితే చెక్కు రేగుతుందో తెలియాలి, కట్టడానికి నార, అతకడానికి జిగురు తెలియాలి. పదిమంది కలిసి వేటకు వెళ్తే నువ్వు గాలికి ఎదురు నిలబడు, నువ్వు అరువు, నువ్వు కాచుకో అని పంచుకోవాలి. ఇదంతా తాత నుంచి మనవడికి మాట లేకుండా ఎలా వచ్చింది? మన దగ్గర చేదు దుంపను పల్చగా తరిగి, పారే నీళ్లలో పెట్టి, ఎన్నాళ్లకు విషం దిగుతుందో నోటితో చెప్పి నేర్పుతారు. మామిడి టెంకల పిండితో అంబలి కాయడానికి ముందు ఎన్నిసార్లు నీళ్లు మార్చాలో చెప్పి నేర్పుతారు. ఒక్క మాట తప్పితే ప్రాణం పోతుంది. అడవిలో బతకడానికి మొదటి పనిముట్టు మాటే. అది లేకుండా ఈటె ఒక్కటీ ఉంటుందనుకున్నవాళ్లు ఈటెను చేసి చూసినవాళ్లు కారు.

ఎదురు వాదన మాకు తెలుసు. కథ జరిగింది 1,50,000 ఏళ్ల కింద, అప్పటి మనుషులకు భాష ఎంతవరకు ఉందో శాస్త్రవేత్తలే వాదించుకుంటున్నారు కదా, దాన్ని తెచ్చి మన మీద వేసుకోవడం ఎందుకు అంటారు. అది శాస్త్రం చేసే వాదన. కెమెరా చేసింది వేరే. ఎదురుగా మనుషులు కనబడగానే వాళ్లకు ఏం తెలుసునని కాకుండా ఏం లేదని లెక్కపెట్టడం, లేనిదాన్ని మనం ఇస్తామని నిశ్చయించుకోవడం. ఈ వరస కోయ, గోండు, సవర, కువి మాట్లాడే పిల్లాడు బడిలో అడుగుపెట్టిన మొదటి రోజునే చూస్తాడు. ఇంట్లో పదాలు పుష్కలంగా ఉన్న పిల్లాడు బడి రిజిస్టరులో మాటలు రానివాడవుతాడు. 'లిపి లేదు కాబట్టి అది యాస' అనేవాళ్లు ఇంకా ఉన్నారు. ఆదిలాబాద్ జిల్లా గుంజాలలో గోండీ లిపిలో రాసిన చేతిరాత ప్రతులు దొరికాయి, 2018లో ఆ లిపి యూనికోడ్‌లోకి కూడా ఎక్కింది. అయినా అనేవాళ్లు అంటూనే ఉన్నారు.

పోలిక కోసం ఒక పెద్దమనిషిని చెప్పుకుందాం. పర్లాకిమిడిలో ఉద్యోగం చేస్తున్న గిడుగు రామమూర్తి గారు సవరల మాట విని, వాళ్లకు తెలుగు నేర్పే ముందు తానే సవర నేర్చుకోవాలనుకున్నారు. సవర మాట్లాడే మనిషిని ఇంట్లో పెట్టుకుని ఏళ్ల తరబడి నేర్చుకున్నారు. సవర వాచకాలు రాశారు, 1931లో వ్యాకరణం, 1938లో నిఘంటువు అచ్చయ్యాయి. ఆయనా బయటివాడే. ఆయన పని మీద కూడా మనవాళ్లకు ప్రశ్నలుండవచ్చు. కానీ ఆయన గడ్డిలో పొంచి కూర్చోలేదు, ఎదుటికి వచ్చి 'దీన్ని మీరేమంటారు' అని అడిగారు. లీ అడామాకు ఆ ప్రశ్న తట్టలేదు. అన్ని యుద్ధాలు, అంత పశ్చాత్తాపం తర్వాత కూడా.

ఇదే సీరీస్ అంతకు ముందు ఏం చేసిందో చెప్పకపోతే అన్యాయమవుతుంది.

మూడో సీజన్ మొదట్లో, 2006 అక్టోబరులో, మనుషులు న్యూ కాప్రికా అనే ఒక చలి గ్రహం మీద డేరాలు వేసుకుని ఉంటారు. సైలాన్లు వచ్చి ఆక్రమిస్తారు. మీ మంచి కోసమే వచ్చామంటారు. మనుషుల్లోంచే కొందరిని పోలీసులుగా తీసుకుంటారు, ముసుగులు వేయించి అర్ధరాత్రి ఇళ్ల మీదకు పంపుతారు. లారా రోజ్లిన్ డేరాలో బడి నడుపుతుంది. అవతల ప్రతిఘటన మొదలవుతుంది, ఒకడు ఒంటికి బాంబు కట్టుకుని వెళ్తాడు. తమ సైన్యం ఇరాక్‌లో ఉన్న కాలంలో అమెరికా ప్రేక్షకుణ్ణి ఆక్రమణకు గురైనవాడి వైపు కూర్చోబెట్టడం చిన్న ధైర్యం కాదు. మన ప్రాంతాల్లో పుట్టి పెరిగినవాడికి ఆ నాలుగు ఎపిసోడ్లలో ఏదీ విడమరిచి చెప్పనక్కర్లేదు. అర్ధరాత్రి తలుపు చప్పుడు దగ్గర్నుంచి అన్నీ తెలిసినవే.

అదే సీజన్లో 'ద వుమన్ కింగ్' అనే ఎపిసోడ్ ఉంది. చాలామంది అభిమానులు దాన్ని బలహీనమైన ఎపిసోడ్ల లెక్కలో వేస్తారు. మాకు అది ముఖ్యమైనది. పన్నెండు గ్రహాల్లో సాజిటరాన్ అన్నింటికంటే పేదది, అందరూ చిన్నచూపు చూసేది. ఆ జనం డాక్టర్లను నమ్మరు, మందులు ముట్టరు. ఓడలో రోగం వస్తుంది. సాజిటరాన్లే ఎక్కువ చనిపోతుంటారు. మూర్ఖులు, మందు వేసుకోరు, అందుకే చస్తున్నారని అందరి మాట. కొడుకును పోగొట్టుకున్న ఒక తల్లి మాత్రం డాక్టరే చంపుతున్నాడంటుంది. హీలో అనే అధికారి తప్ప ఆమె మాట ఎవరూ వినరు, అతన్నీ తప్పుపడతారు. చివరికి శవపరీక్ష ఆమె మాటే నిజమని తేలుస్తుంది. మందు మీద అపనమ్మకం వెనక చరిత్ర ఉంటుందని, నమ్మనివాడి మూఢత్వాన్ని తిట్టేముందు నమ్మకం పోగొట్టిందెవరో చూడాలని ఇంత సూటిగా చెప్పిన సైన్స్ ఫిక్షన్ మాకు తారసపడలేదు. మన్యం ఆస్పత్రుల్లో పనిచేసేవాళ్లకు చూపించదగ్గది.

మరో రెండు వారాలకు వచ్చిన 'డర్టీ హ్యాండ్స్'లో ఇంధనం శుద్ధి చేసే ఓడ ఉంటుంది. అందులో తండ్రి పని కొడుక్కి వస్తోంది, పిల్లలు కూడా యంత్రాల్లో చేతులు పెడుతున్నారు. వేసవి సెలవుల్లో పొలం పని చేశానని ఫారంలో రాసుకున్న కుర్రాణ్ణి వ్యవసాయ కూలీగా లెక్కగట్టి పనిలోకి లాక్కుపోతారు. పుట్టిన గ్రహాన్ని బట్టి మనిషి పని నిర్ణయమైపోతోందని టైరల్ సమ్మె చేయిస్తాడు. మన దేశంలో దీనికి ఏ పేరుందో పాఠకులకు చెప్పక్కర్లేదు.

ఆ ఎపిసోడ్‌లోనే గేయస్ బాల్టర్ సంగతి బయటపడుతుంది. మాటల గారడీ, మెరిసే తెలివి, ప్రతి సీజన్లోనూ ద్రోహం చేసి ప్రతిసారీ తప్పించుకునే మనిషి. తాను కాప్రికా వాడినని లోకాన్ని నమ్మించాడు. నిజానికి అతను ఏరిలాన్ అనే రైతుల గ్రహంలో పుట్టాడు. మిగతా గ్రహాలకు తిండి పండించిపెట్టి వాళ్ల చేత మోటువాళ్లనిపించుకునే గ్రహం అది. చిన్నతనంలోనే ఆ యాసను వదిలించుకోవాలని కూర్చుని సాధన చేశాడు. నాలుక మీద నుంచి ఊరిని తుడిచేసుకున్నాడు. జైలు గదిలో టైరల్‌తో మాట్లాడుతూ ఒక్కసారి పాత యాసలోకి జారుతాడు. అక్కడ మేము ఆగిపోయాం. హాస్టల్లో చేరిన మొదటి నెలలో గోడవైపు తిరిగి టీచరు పలికినట్టు పలకడం సాధన చేసిన పిల్లలు మనలో ఎంతమంది! సెలవులకు ఇంటికెళ్లి అమ్మ అడిగినదానికి తెలుగులో జవాబు చెప్పిన పిల్లలు! ఇంత దూరంలో, ఇంకో దేశంలో, ఒక ఇంగ్లీషు నటుడి నోట మన హాస్టల్ కనబడటం మామూలు సంగతి కాదు. బాల్టర్‌గా నటించిన జేమ్స్ కాలిస్‌కు ఆ ఒక్క దృశ్యానికి దండం పెట్టాలి.

'డేబ్రేక్'లో బాల్టర్ కథ ముగిసే తీరు ఇంకా బాగుంటుంది. గతంలోకి వెళ్లి అతని తండ్రిని చూపిస్తారు. ముసలి రైతు, కోపిష్టి, నగరంలో ఇమడలేక అందర్నీ తిడుతుంటాడు. కొడుక్కి ఆ తండ్రంటే సిగ్గు. కాప్రికా సిక్స్ అనే సైలాన్ స్త్రీ ఆ ముసలాయన్ని తోటపని చేసుకునే వీలున్న చోట చేర్పిస్తుంది, ఆయన నెమ్మదిస్తాడు. చివర్లో భూమి మీద అందరూ చెల్లాచెదురవుతున్నప్పుడు ఆమె, బాల్టర్ ఒక లోయవైపు నడుస్తారు. అక్కడ సాగు చేసుకోవచ్చంటుంది ఆమె. తనకు వ్యవసాయం తెలుసని చెప్పబోయి బాల్టర్ ఏడ్చేస్తాడు. నాలుగు సీజన్లలో ఆ మనిషి నోటి నుంచి వచ్చిన నిజమైన మాటల్లో అదొకటి. యాసను చంపుకున్నవాడికి చివరికి మిగిలింది తండ్రి నేర్పిన పని. ఈ దృశ్యానికీ బైనాక్యులర్ల దృశ్యానికీ మధ్య ఎంతోసేపు లేదు. ఒకే ఎపిసోడ్, ఒకే రచయిత. ఏరిలాన్ రైతు బిడ్డ లోపల ఎంత భాష అణిగి ఉందో తెలిసిన రచయితకు ఈటెల గుంపు లోపల ఏముందో చూడాలనిపించలేదు!

పైగా రోనాల్డ్ మూర్‌కు ఈ విషయం కొత్త కాదు. అంతకు పదిహేనేళ్ల ముందు, 1994లో, 'స్టార్ ట్రెక్: ద నెక్స్ట్ జనరేషన్' ఏడో సీజన్లో 'జర్నీస్ ఎండ్' అనే ఎపిసోడ్ రాసింది ఈయనే. అమెరికా ఆదివాసుల వారసులు ఒక గ్రహం మీద స్థిరపడి ఉంటారు. రెండు ప్రభుత్వాలు వాళ్లను అడగకుండా ఒప్పందం చేసుకుని ఆ గ్రహాన్ని చేతులు మార్చుకుంటాయి. ఖాళీ చేయించమని కెప్టెన్ పికార్డ్‌కు ఆజ్ఞ వస్తుంది. వాళ్లు కదలమంటారు. ఆ ఎపిసోడ్‌లో ఆదివాసులను చూపిన తీరు మీద మాకు అభ్యంతరాలు ఉన్నాయి, కలలు, దర్శనాలు కొంచెం ఎక్కువయ్యాయి. కానీ నేల ఎవరిది, అడిగారా లేదా అన్న ప్రశ్న కథ మధ్యలో నిలబడి ఉంటుంది. పోలవరం ముంపు మండలాల పిల్లలు ఆ ప్రశ్నను ఒక్క క్షణంలో పట్టుకుంటారు.

'డేబ్రేక్'లో ఆ ప్రశ్నే లేదు. 38,000 మంది దిగారు. ఎవరికి ఏ లోయ, ఎవరికి ఏ తీరం అని తమలో తాము పంచుకున్నారు. ఇన్ని గుంపులు ఇన్ని చోట్ల దిగితే అక్కడివాళ్ల నీటి చెలమలు ఏమవుతాయి, వేట ఏమవుతుంది, ఓడల్లో మూసుకుని బతికినవాళ్ల ఒంటి మీది రోగాలు ఎవరికి అంటుకుంటాయి? ఒక్క పాత్రకూ ఈ అనుమానం రాలేదు. అమెరికా ఖండాల్లో తుపాకుల కంటే ముందు మశూచి ఎన్ని జాతులను తుడిచిపెట్టిందో ఆ దేశపు బడి పుస్తకాల్లోనే ఉంటుంది. మనకు 1/70 చట్టం ఎందుకు కావలసి వచ్చిందో మన తాతలను అడిగితే చెబుతారు. వచ్చినవాళ్లలో చాలామంది మంచివాళ్లే. పొట్ట చేతపట్టుకుని వచ్చారు, వాళ్లూ ఎక్కడో దెబ్బతిన్నవాళ్లే. వచ్చినవాడి మంచితనం నేల సంగతిని తేల్చదు. మనవాళ్లు మామిడికాయ కొత్త తినే ముందు కూడా పండగ చేసి, అడిగి, ఆ తర్వాతే కోస్తారు. గోండుల పుట్టుక కథను ప్రధాన్లు పాడుతుంటే విన్నవాళ్లకు తెలుసు, గుహలోంచి బయటపడ్డ జనం ఎక్కడ ఎలా ఉండాలో, ఎవరికి ఏం మొక్కాలో నేర్చుకోవడమే ఆ కథలో సగం. దిగగానే పంచుకోవడం ఉండదు.

లీ ఓడలను వదిలేద్దామన్నప్పుడు దాన్ని గొప్ప త్యాగంగా చూపించారు. దానికి మా జవాబు ఒక్కటే. అడవిలో బతకడం అంటే అన్నీ వదిలేయడం కాదు, బోలెడంత తెలిసి ఉండటం. ఆ తెలివి ఉన్నవాళ్లు ఎదురుగా నడిచిపోతున్నారు. వాళ్లను ఆశ్రయించకుండా ఆ 38,000 మందిలో ఎంతమంది మొదటి వానాకాలం దాటుతారు? ఎవరు ఎవరికి నేర్పాలి? కథ ఈ దారిన నడిచి ఉంటే, లారాను పాతిపెట్టి కొండ మీద ఒంటరిగా కూర్చున్న అడామా దగ్గరికి ఆ గుంపులోంచి ఒక ముసలామె దుంప ఒకటి పట్టుకుని వచ్చి ఉండేది. అంత పని కూడా అక్కర్లేదు. ఒక మాట మాట్లాడనిచ్చినా చాలు.

ఇక హేరా. సీరీస్ మొత్తం ఆ పిల్ల చుట్టూ తిరుగుతుంది. తండ్రి హీలో మనిషి, తల్లి ఎథీనా సైలాన్. కథ 1,50,000 ఏళ్లు ముందుకు దూకి న్యూయార్క్ వీధిలో దిగుతుంది. ఒకతను పత్రిక చదువుతుంటాడు, ఆ వేషంలో ఉన్నది రోనాల్డ్ మూరే. టాంజానియాలో ఒక యువతి అవశేషాలు దొరికాయని, ఆమే మైటోకాండ్రియల్ ఈవ్ అని అందులో వార్త. ఆ యువతే హేరా అని మనకు అర్థమవుతుంది. జీవశాస్త్రం చెప్పే ఉపాధ్యాయులు ఇక్కడ పిల్లలను ఆపాలి. మైటోకాండ్రియల్ ఈవ్ ఎక్కడా తవ్వితే దొరికే ఎముకల గూడు కాదు. 1987లో రెబెకా కాన్, మార్క్ స్టోన్‌కింగ్, అలన్ విల్సన్ 'నేచర్' పత్రికలో ప్రచురించిన పరిశోధన వల్ల ప్రచారంలోకి వచ్చిన భావన అది. మైటోకాండ్రియా డీఎన్ఏ తల్లి నుంచే బిడ్డకు వస్తుంది. ఇప్పుడున్న మనుషులందరి తల్లి, తల్లి తల్లి, ఆ తల్లి అని వెనక్కి వెళ్తే దారులన్నీ ఆఫ్రికాలో ఒక స్త్రీ దగ్గర కలుస్తాయి. ఆమె కాలంలో ఇంకా ఎందరో ఆడవాళ్లున్నారు. వాళ్ల మిగతా జన్యువులు మనలో ఉండవచ్చు, తల్లి వరస మాత్రం తెగిపోయింది.

ఇప్పుడు ఈ లెక్కను కథకు వేసి చూడండి. హేరా తల్లి వరస సైలాన్ది. ఇవాళ భూమ్మీద ఉన్న ప్రతి మనిషి తల్లి వరసా హేరా దగ్గరికే చేరితే, ఈటెల గుంపులోని ఆడవాళ్లలో ఒక్కరి తల్లి వరస కూడా మన దాకా రాలేదన్నమాట. వచ్చినవాళ్ల తల్లి మిగిలింది, ఉన్నవాళ్ల తల్లులు పోయారు. రచయితలు ఇది అనుకుని చేసి ఉండరు, ఒక అందమైన ముడి వేద్దామనుకున్నారు. కానీ సైన్స్ ఫిక్షన్లో సైన్సు చెప్పకుండానే చెప్పేసే మాటలుంటాయి. రక్తం కలుస్తుందని గడ్డిలో కూర్చుని వేసుకున్న హాస్యానికి ఇదీ ముగింపు. ఆ తర్వాత తెర మీద వరసగా రోబోట్లను చూపించి భయపెడతారు, మళ్లీ అదే జరుగుతుందేమోనని. మళ్లీ జరిగినవి ఇంకా ఉన్నాయి, ఆ వీధి ఉన్న నేల మీదే జరిగాయి. న్యూయార్క్ నేల లెనాపే ఆదివాసులది.

తెర వెనక సంగతులు రెండు చెప్పి ముగిస్తాం. ఆఖరి ఎపిసోడ్‌కు మూడు రోజుల ముందు, 2009 మార్చి 17న, ఈ సీరీస్ రూపకర్తలను, ఓల్మోస్‌ను, మెక్‌డానెల్‌ను న్యూయార్క్‌లోని ఐక్యరాజ్యసమితికి పిలిచి మానవహక్కుల మీద చర్చ పెట్టారు. ఓల్మోస్ అక్కడ ఆవేశంగా మాట్లాడాడు, ఉన్నది ఒక్కటే జాతి, మానవజాతి అన్నాడు. సభ మొత్తం సీరీస్‌లోని నినాదం పలికింది. మంచిదే. అదే ఐక్యరాజ్యసమితి 2007 సెప్టెంబరు 13న ఆదివాసీ ప్రజల హక్కుల ప్రకటనను ఆమోదించింది. ఓటు వేసిన దేశాల్లో వద్దన్నవి నాలుగే: అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్. సీరీస్ ప్రసారమైంది మొదటి దేశంలో, షూటింగ్ జరిగింది రెండో దేశంలో. మానవజాతి ఒక్కటే అన్న మాట ఎవరి నోట వస్తే ఎలా వినబడుతుందో ఆలోచించడానికి ఈ రెండు తేదీలు పక్కపక్కన పెట్టుకుంటే చాలు.

రెండోది, ఆఫ్రికా గడ్డిమైదానంగా మనం చూసిన నేల ఆఫ్రికాది కాదు. కెనడాలో బ్రిటిష్ కొలంబియా రాష్ట్రంలోని కామ్‌లూప్స్ దగ్గర ఆ దృశ్యాలు తీశారు, జంతువులను కంప్యూటర్లో చేర్చారు. అది సెక్వెపెమ్ ఆదివాసుల నేల. కామ్‌లూప్స్ అన్న పేరే వాళ్ల భాషలోంచి వచ్చింది, నీళ్లు కలిసే చోటు అని అర్థం. ఆ ఊళ్లో 1890లో ఆదివాసీ పిల్లల కోసం వసతి పాఠశాల తెరిచారు. 1978 దాకా ఆ భవనాల్లో పిల్లలను ఉంచారు. ఇళ్ల నుంచి తెచ్చి, జుట్టు కత్తిరించి, సొంత భాష మాట్లాడితే శిక్షించేవారు. 2021 మేలో అక్కడి ఆదివాసీ పాలకమండలి రాడార్‌తో నేలను వెతికించి, పేరు లేని సమాధులు కావచ్చని భావిస్తున్న గుర్తులు సుమారు 200 బయటపడ్డాయని ప్రకటించింది.

ఆ నేల మీదే కెమెరా పెట్టి, ఇక్కడివాళ్లకు భాష లేదు, మనం ఇద్దాం అన్నారు.

ఉపాధ్యాయులు పై తరగతుల పిల్లలకు ఈ సీరీస్ చూపించాలనుకుంటే ఆఖరి ఎపిసోడ్‌తో మొదలుపెట్టవద్దు. ముందు 'ద వుమన్ కింగ్', తర్వాత 'డర్టీ హ్యాండ్స్'. బాల్టర్ యాస మారే చోట ఒకసారి ఆపండి, పిల్లలను వాళ్ల ఇంటి భాషలోనే మాట్లాడనివ్వండి. 'డేబ్రేక్' ఆ తర్వాత. బైనాక్యులర్ల దృశ్యం వచ్చినప్పుడు ఏమీ చెప్పకండి. అటువైపు నడిచిపోతున్నవాళ్లు గడ్డిలో పొంచి ఉన్నవాళ్లను చూసి తమలో తాము ఏమనుకున్నారో కోయలో, గోండీలో, సవరలో, కువిలో రాయమనండి.